పాథోజెన్‌వాచ్: నా మాట నాకే తిప్పికొట్టిన సైట్

గుంటూరులో ఓ ఆసుపత్రి ల్యాబ్‌లో మైక్రోబయాలజిస్టుని. ఆమధ్య మా ఎన్‌ఐసీయూలో (నవజాత శిశువుల ఐసీయూ) నెల తిరక్కుండానే ఏడుగురు పసిబిడ్డల బ్లడ్ కల్చర్‌లో క్లెబ్సియెల్లా అనే బాక్టీరియా పెరిగింది. మెరోపెనెమ్ లాంటి పెద్ద యాంటీబయాటిక్‌తో సహా దాదాపు ఏ మందుకూ లొంగదు. ఏడింటి యాంటీబయోగ్రామూ (ఏ మందుకు లొంగుతుందో చెప్పే పట్టిక) అచ్చు ఒకటే. ఒకే స్ట్రెయిన్ (ఒకే వంశపు బాక్టీరియా) వార్డంతా తిరుగుతోందని మీటింగ్‌లో గట్టిగా చెప్పింది నేనే.

తేల్చుకుందామని అన్నిటికీ బయట సీక్వెన్సింగ్ (డీఎన్‌ఏ చదివించడం) చేయించి, ఆ డేటా ఉండే ఫాస్టా ఫైళ్లు పాథోజెన్‌వాచ్‌లో పెట్టాను. ఆక్స్‌ఫర్డ్‌లోని సెంటర్ ఫర్ జీనోమిక్ పాథోజెన్ సర్వైలెన్స్ వాళ్ల సైట్ ఇది. బాక్టీరియా డీఎన్‌ఏ డేటా పెడితే అది ఏ రకమో, ఏ రెసిస్టెన్స్ జీన్లున్నాయో, ఒకదానికొకటి ఎంత దగ్గరో చెబుతుంది. పైసా కట్టక్కర్లేదు. కమాండ్లు టైప్ చేసే లినక్స్ పేరెత్తితేనే టెన్షన్ పడే నాలాంటివాళ్లకి ఇదే పెద్ద ఊరట.

ముందు జీనోమ్ (మొత్తం డీఎన్‌ఏ) సైజు చూశాను. క్లెబ్సియెల్లాకి సుమారు 55 లక్షల బేస్‌లు (డీఎన్‌ఏ అక్షరాలు) ఉండాలి. ఒక ఫైలు కోటి దాటింది! ప్లేట్ మీంచి రెండు రకాల కాలనీలు కలిపి తీశామన్నమాట. తప్పు మాదే, దాన్ని పక్కన పెట్టాం. మిగిలిన ఆరింటిలో నాలుగు ఎస్‌టీ 231 (ఎస్‌టీ అంటే వంశం నంబరు), మెరోపెనెమ్ లాంటి మందుల్ని పనిచేయనివ్వని ఆక్సా-232 జీన్‌తో. వాటి మధ్య స్నిప్ (ఒక్కో డీఎన్‌ఏ అక్షరం) తేడాలు పది లోపే, అంటే బాగా దగ్గరి చుట్టాలు. రెండు మాత్రం ఎస్‌టీ 147, అలాంటి పనే చేసే ఎన్‌డీఎం జీన్‌తో. రిజిస్టర్ తిరగేస్తే ఆ ఇద్దరు బిడ్డలూ వేరే ఆసుపత్రి నుంచి వచ్చినవాళ్లు. మళ్లీ మీటింగ్ పెట్టి నా మాట వెనక్కి తీసుకున్నాను. ఆ నలుగురిని పడుకోబెట్టిన వార్మర్లు, సక్షన్ గొట్టాలు, సింక్ మీదే మా నర్సులు దృష్టి పెట్టారు.

శాంపిళ్లు ఎక్కడివో చూపే మ్యాప్ దగ్గర ఇంకో ఘనకార్యం చేశాను. అక్షాంశం, రేఖాంశం తారుమారుగా కొట్టడంతో గుంటూరు బాక్టీరియా ఉత్తర ధ్రువం దగ్గర తేలింది. ఆ వివరాలు ఎక్కించే ఎక్సెల్ షీట్ ఒకటికి రెండుసార్లు చూసుకోండి. అందులో బిడ్డల పేర్లు, ఐపీ (ఇన్‌పేషెంట్) నంబర్లు మాత్రం పెట్టకండి.

ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, చుట్టరికం చూపే చెట్టు గీసే సౌకర్యం అన్ని బాక్టీరియాలకూ లేదు. ఇక రెసిస్టెన్స్ జీన్ కనిపించిందని డిస్క్, ఎంఐసీ (మందు నిజంగా పనిచేస్తుందో ల్యాబ్‌లో చూసే పరీక్షలు) మానేయకూడదు. డీఎన్‌ఏని చిన్న ముక్కలుగా చదివే షార్ట్ రీడ్ డేటా ముక్కలుముక్కలుగా ఉంటుంది కాబట్టి, ఒక ప్లాస్మిడే (రెసిస్టెన్స్ జీన్లని మోసుకెళ్లే చిన్న డీఎన్‌ఏ ఉంగరం) స్ట్రెయిన్ నుంచి స్ట్రెయిన్‌కి దూకిందా అన్నది దీంతో తేలదు. అది సైట్ లోపం కాదనుకోండి.

ఐదుకి నాలుగు. నిరుటి క్లెబ్సియెల్లా వయల్స్ ఇంకా మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో ఉన్నాయి. వాటిని కూడా పంపుదామని పెట్టిన ఫైలు ప్రస్తుతం సూపరింటెండెంట్ గారి టేబుల్ మీదుంది.