ఆలు లేదు చూలు లేదు, డాక్యుమెంటరీ మాత్రం 13 భాగాలు: పాలిగాన్ ‘ప్రెస్ రీసెట్’ సమీక్ష

‘ప్రెస్ రీసెట్’ పదమూడు భాగాల డాక్యుమెంటరీ. పాలిగాన్ అనే అమెరికన్ వీడియో గేమింగ్ వెబ్‌సైట్ ఎలా పుట్టిందో చెబుతుంది. చిక్కల్లా ఒక్కటే: దీని ట్రైలర్ జనం ముందుకు వచ్చేసరికి ఆ సైట్ ఇంకా పుట్టలేదు.

2012లో పాలిగాన్ యజమాని వాక్స్ మీడియా, పేరున్న గేమింగ్ విలేకరులను ఒక్కొక్కరినీ ఏరి తెచ్చుకుంది. వేరే గేమింగ్ సైట్లను వదిలి జాయ్‌స్టిక్ నుంచి క్రిస్ గ్రాంట్, కొటాకు నుంచి బ్రయాన్ క్రెసెంటె, ఎస్కేపిస్ట్ నుంచి రస్ పిట్స్, ఐజీఎన్ నుంచి ఆర్థర్ గీస్ వచ్చారు. పాడ్‌కాస్ట్‌లతో పేరున్న మెకెల్రాయ్ సోదరులు సరేసరి. ఫిబ్రవరి నుంచి వీళ్లు ‘ది వెర్జ్’ సైట్‌లో వాక్స్ గేమ్స్ పేరుతో రాస్తూ వచ్చారు. ఏప్రిల్‌లో పాక్స్ ఈస్ట్ అనే గేమింగ్ ప్రదర్శన వేదిక మీద కొత్త పేరు ప్రకటించారు. అక్టోబర్ 24న సైట్ తెరిచారు. ఈ రెండిటి మధ్యలోనే ట్రైలర్ వదిలారు. గంభీరమైన సంగీతం, కెమెరా ముందు ఎడిటర్లు, గేమింగ్ జర్నలిజానికి కొత్త రోజులు వస్తున్నాయన్న ధీమా, వాటితో పాటు సమర్పకుల పేరు: ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్.

పాఠకులు ఒక్కసారిగా విరుచుకుపడ్డారు. ఆ కోపంలో రెండు ఫిర్యాదులు కలిసిపోయాయి. వాటిని విడదీసి చూడకపోతే సమీక్ష అన్యాయం అవుతుంది.

మొదటిది, సొంత డప్పు. ఈ ఫిర్యాదులో సగమే న్యాయం. వాళ్లు ఎనిమిది నెలలపాటు రోజూ రాస్తూనే ఉన్నారు, చేతిలో పని లేనివాళ్లు కాదు. కానీ ప్రచారం ఆ రాతలను ముందుపెట్టలేదు, రాసే మనుషులను ముందుపెట్టింది. ‘ఇదిగో మేం రాసిన పది మంచి వ్యాసాలు’ అని ఉంటే నచ్చినవాళ్లు చదివేవారు, నచ్చనివాళ్లు ఊరుకునేవారు. ‘మేం ఎవరమో చూడండి’ అనేసరికి చూసేవాడికి కొలవడానికి ఏమీ మిగల్లేదు, వెక్కిరించడానికి మాత్రం బోలెడు దొరికింది. మన దగ్గర ప్రీ రిలీజ్ ఫంక్షన్‌లో చరిత్ర తిరగరాస్తామని గట్టిగా చెబితే మొదటి రోజు మార్నింగ్ షోకి జనం ఏ మూడ్‌లో వస్తారో తెలిసిందే కదా.

రెండోది, డబ్బు ఎక్కడిది అన్నది. ఇది పూర్తిగా న్యాయమైన ఫిర్యాదు. ప్రచార బృందం అంచనా తప్పింది కూడా ఇక్కడే అనిపిస్తుంది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ బ్రౌజర్ మైక్రోసాఫ్ట్‌ది, గేమింగ్ కన్సోల్ ఎక్స్‌బాక్సూ మైక్రోసాఫ్ట్‌దే. వాణిజ్యం వైపు నుంచి చూస్తే లెక్క చక్కగా కుదిరింది. విండోస్ 8 అక్టోబర్ 26న మార్కెట్లోకి రాబోతోంది, బ్రౌజర్‌ను కొత్తగా చూపించాలి. పాలిగాన్ అప్పటి కొత్త వెబ్ ప్రమాణం హెచ్‌టీఎంఎల్5తో, ఏ సైజు స్క్రీన్‌లోనైనా ఒదిగే డిజైన్‌తో కడుతున్న సైట్. ఇంతకంటే మంచి జోడీ ఆ ఏడాది ఆ కంపెనీకి దొరికేది కాదేమో. పాఠకుడి లెక్క వేరు. సైట్ తెరిచిన పదమూడో రోజు, నవంబర్ 6న, అప్పట్లో ఎక్స్‌బాక్స్‌లో మాత్రమే ఆడగలిగిన హేలో 4 గేమ్ విడుదల. దానికి మార్కులు వేయాల్సింది వీళ్లే.

పత్రికలన్నీ ప్రకటనల మీదే బతుకుతాయి కదా అని వాదించవచ్చు. తేడా ఎక్కడుందంటే, మామూలు ప్రకటన వ్యాసం పక్కన ఉంటుంది. దాన్ని అమ్మేవాళ్లు ఒక గదిలో, రాసేవాళ్లు మరో గదిలో ఉంటారు. రాసేవాడికి పక్కన ఏ ప్రకటన వస్తుందో తెలియకపోవడమే రక్షణ. ప్రెస్ రీసెట్‌లో ఆ గోడ ఉండే వీలే లేదు, ఎందుకంటే రాసేవాళ్లే ఆ స్పాన్సర్డ్ వీడియోలో నటవర్గం. తర్వాత ఎన్ని నీతి నియమాలు రాసి పెట్టుకున్నా ఆ దృశ్యం చెరిగిపోదు. గ్రాఫిక్ కార్డులు, కన్సోళ్లు, గేములు అమ్మే కంపెనీలను వదిలేసి ఏ ఇన్సూరెన్స్ కంపెనీనో, సబ్బుల కంపెనీనో సమర్పకులుగా పెట్టుకుని ఉంటే ఈ ఫిర్యాదుకు పునాదే ఉండేది కాదు. విచిత్రం ఏమిటంటే, సైట్ తెరిచాక వచ్చిన ప్రకటనకర్తల్లో ఇన్సూరెన్స్ అమ్మే గైకో, సబ్బులు అమ్మే యూనిలీవర్ ఉన్నాయి కూడా.

అనుమానం గాలిలోంచి ఊడిపడలేదు. 2007 నవంబర్‌లో గేమ్‌స్పాట్ సైట్ మొత్తం కేన్ అండ్ లించ్ గేమ్ ప్రకటనలతో నిండి ఉన్నప్పుడు, ఆ గేమ్‌కు తక్కువ మార్కులు వేసిన జెఫ్ గెర్స్ట్‌మన్ ఉద్యోగం పోయింది. ఆ గాయం పాఠకుల్లో అప్పటికి మానలేదు. పాలిగాన్ తెరిచిన వారంలోనే యూరోగేమర్‌లో రాబర్ట్ ఫ్లారెన్స్ రాసిన కాలమ్ పెద్ద దుమారం రేపింది. గేమింగ్ విలేకరులకూ ప్రచార సంస్థలకూ మధ్య చనువు ఎంతవరకూ అన్నది దాని విషయం. డోరిటోస్ ప్యాకెట్లు, మౌంటెన్ డ్యూ సీసాలు, హేలో 4 పోస్టర్ మధ్య కూర్చున్న ఒక ప్రముఖ వ్యాఖ్యాత ఫొటో దానికి ఆధారం. వ్యాసంలో కొంత భాగాన్ని సైట్ తీసేసింది, ఫ్లారెన్స్ కాలమ్ రాయడం మానేశారు. పాలిగాన్ సరిగ్గా ఈ మంటలోకి వచ్చి నిలబడింది.

మార్కులు నిజంగా అమ్ముడుపోయాయా? హేలో 4కు పాలిగాన్ 9.5 వేసింది. ఐజీఎన్ 9.8 వేసింది. కాబట్టి 9.5 ఒక్కటే చూపించి ఏమీ తేల్చలేం. మరుసటి ఏడాది ఎక్స్‌బాక్స్‌కు పోటీ అయిన ప్లేస్టేషన్ కంపెనీ సోనీ గేమ్ ‘ది లాస్ట్ ఆఫ్ అస్’కు చాలామంది పదికి పది వేస్తుంటే వీళ్లు 7.5 వేశారు. ‘చూశారా, మేం చెప్పలేదా’ అన్నారు జనం. ఆ 7.5 హేలో 4ను సమీక్షించిన మనిషిది కాదు, వేరే విమర్శకుడి సొంత అభిప్రాయం, అందులోని కారణాలు చదివితే అర్థమవుతాయి. పక్షపాతానికి రుజువు నాకు కనబడదు. కానీ రుజువు లేకపోయినా అనుమానం పోలేదే! స్పాన్సర్‌షిప్ వల్ల జరిగిన అసలు నష్టం అదే: ఆ తర్వాత వేసిన ప్రతి మార్కునూ రెండు కన్సోళ్ల మధ్య తూకంలాగే చదివారు.

ఇక చెప్పినంత పని చేశారా అన్నది. నిజంగా చేతులు కాలింది ఊళ్లు కట్టే గేమ్ సిమ్‌సిటీ దగ్గర. అక్కడ ఏ స్పాన్సరూ లేడు. పాలిగాన్ గొప్పగా ప్రకటించుకున్న పద్ధతుల్లో ఒకటి, గేమ్ మారితే సమీక్ష మార్కు కూడా మారుతుందన్నది. ఆలోచన మంచిదే. 2013 మార్చిలో సిమ్‌సిటీకి విడుదల ముందురోజు 9.5 వేశారు. ఆ గేమ్ ఆడాలంటే ఎప్పుడూ ఇంటర్నెట్ ఉండాలి, కట్టిన ఊరు ఈఏ కంపెనీ సర్వర్లలోనే సేవ్ అవుతుంది. సమీక్షకులు ఆడింది విడుదలకు ముందు, ఖాళీ సర్వర్లలో. మార్చి 5న అమెరికాలో తలుపులు తెరవగానే అంతా కుప్పకూలింది. గంటల తరబడి క్యూలు, మాయమైన ఊళ్లు. ఈఏ బరువు తగ్గించడానికి గేమ్‌లో అన్నిటికంటే వేగంగా కాలం నడిపే ‘చీతా’ స్పీడ్‌నే ఆపేసింది. అమెజాన్ డౌన్‌లోడ్ అమ్మకం కొన్నాళ్లు నిలిపేసింది. చివరికి కొన్నవాళ్లందరికీ ఈఏ ఇంకో గేమ్ ఉచితంగా ఇచ్చుకోవాల్సి వచ్చింది. పాలిగాన్ మార్కు 9.5 నుంచి 8కి, 8 నుంచి 4కి పడింది, సర్వర్లు కుదుటపడ్డాక 6.5కి లేచింది.

దీన్ని చూసి షేర్ మార్కెట్ అని నవ్వుకున్నారు. తప్పు మార్కు మార్చడంలో లేదు, మొదటి మార్కు వేసిన సమయంలో ఉంది. సర్వర్ల మీద నడిచే గేమ్‌ను సర్వర్ల మీద జనం లేకుండా పరీక్షించడం, పెళ్లిభోజనాల వంటశాలను ఇద్దరికి వండించి చూసి మెచ్చుకోవడం లాంటిది. పైగా అన్ని సమీక్షల మార్కులకు సగటు కట్టే మెటాక్రిటిక్, ఒక సైట్ మొదట ఇచ్చిన మార్కునే లెక్కలోకి తీసుకుంటుంది, తర్వాత ఎన్ని దిద్దుబాట్లు చేసినా ముట్టుకోదు. అంటే పాలిగాన్ పేజీలో 4 కనిపిస్తున్న రోజున కూడా సగటు లెక్కలో పనిచేసేది పాత మార్కే. ఇలాంటి గేమ్‌కు చేయాల్సిన పని చిన్నదే: విడుదల రోజు మార్కు లేకుండా అనుభవం మాత్రం రాయాలి, జనం దిగాక మూడు నాలుగు రోజులు ఆడి అప్పుడు మార్కు వేయాలి. చాలా సైట్లు తర్వాత ఇదే దారి పట్టాయి. పాలిగాన్ అయితే 2018లో మార్కులనే ఎత్తేసి, సిఫారసు చేస్తామో లేదో చెప్పే పద్ధతికి మారింది.

మాట నిలబెట్టుకున్న చోటు కూడా చెప్పాలి. డిజైన్. 2013 నవంబర్‌లో వచ్చిన ప్లేస్టేషన్ 4 సమీక్ష పేజీని వెబ్ డిజైనర్లు గేమర్ల కంటే ఎక్కువ చూసి ఉంటారు. పేజీ కిందికి జరుపుతుంటే కన్సోల్ బొమ్మ గీతలు గీతలుగా తనంతట తానే గీసుకుంటుంది. అందులో వీడియో లేదు, అది ఎస్‌వీజీ, అంటే గీతలను కోడ్‌తో వర్ణించే బొమ్మ. గీతను గీత పొడవంత డ్యాష్‌గా, అంతే పొడవు ఖాళీగా అమర్చాలి. ఆ డ్యాష్‌ను గీత పొడవంత పక్కకు జరిపితే గీత కనబడదు. జరిపిన దూరాన్ని మెల్లగా సున్నాకి తెస్తే ఎవరో పెన్నుతో గీస్తున్నట్టు ఉంటుంది. వాక్స్ బృందం ఈ కిటుకును దాచుకోకుండా రాసిపెట్టింది, ఆ తర్వాత ఇది ఎన్ని సైట్లలో కనిపించిందో లెక్కలేదు. పదమూడు భాగాల డాక్యుమెంటరీ చేయలేని ప్రచారం ఈ ఒక్క పేజీ చేసింది.

పోల్చి చూడటానికి జెయింట్ బాంబ్ అనే గేమింగ్ సైట్ ఉంది. ఉద్యోగం పోయిన గెర్స్ట్‌మన్ 2008లో స్నేహితులతో కలిసి దాన్ని ఒక బ్లాగు, ఒక పాడ్‌కాస్ట్‌తో మొదలుపెట్టారు. పూర్తి సైట్ ఆ జులైలో వచ్చేసరికి వినేవాళ్లు అప్పటికే ఉన్నారు. జర్నలిజాన్ని మారుస్తామని ఎవరూ అనలేదు, వారం వారం మాట్లాడారు, అంతే. 2023లో కొటాకు మాజీ ఉద్యోగులు సొంతంగా పెట్టుకున్న ఆఫ్టర్‌మాత్ కూడా అంతే సూటిగా వచ్చింది: మేం ఫలానా, చందా ఇంత, ఇష్టమైతే కట్టండి.

కొత్తగా వచ్చిన ఏ గేమింగ్ సైట్‌నైనా, తెలుగు యూట్యూబ్ ఛానెల్‌నైనా పది నిమిషాల్లో ఇలా తూచవచ్చు. ముందు ‘మా గురించి’ పేజీ వదిలేసి నీతి నియమాల పేజీ వెతకండి. ప్రయాణ ఖర్చులు ఎవరు పెట్టుకుంటారు, ఉచితంగా వచ్చిన కన్సోళ్లను ఏం చేస్తారు అన్న రెండు ప్రశ్నలకు జవాబు లేకపోతే ఆ పేజీ అలంకారానికి ఉన్నట్టే. తర్వాత ఏదైనా ఆన్‌లైన్ గేమ్ సమీక్ష తెరిచి, దాని తేదీని గేమ్ విడుదల తేదీతో పోల్చండి. మార్కు విడుదలకంటే ముందే పడితే సిమ్‌సిటీని గుర్తుచేసుకోండి. ఏ ప్లాట్‌ఫామ్‌లో, ఎన్ని గంటలు ఆడారో రాయని సమీక్షకు సగం విలువే. వీడియో అయితే మనకు ఆస్కి (భారత ప్రకటనల ప్రమాణాల మండలి) నియమాలు ఉన్నాయి. 2021 జూన్ నుంచి డబ్బు తీసుకున్న వీడియోకు ప్రకటన అన్న ముద్ర తప్పనిసరి. 15 సెకన్లు దాటి 2 నిమిషాల లోపు వీడియోలో ఆ ముద్ర మూడో వంతు సమయం కనబడాలి, 2 నిమిషాలు, ఆపైన ఉంటే సరుకు గురించి మాట్లాడినంతసేపూ ఉండాలి. డిస్క్రిప్షన్ అడుగున, ‘మరిన్ని’ నొక్కితే తప్ప కనబడని చోట ‘థ్యాంక్స్ టు’ అని పెట్టడం ముద్ర కిందికి రాదు.

ప్రెస్ రీసెట్‌కు 10కి 4. సైట్‌కు 7.5, అంటే లాస్ట్ ఆఫ్ అస్‌కు వాళ్లు ఇచ్చినంత. ఇందులో అర మార్కు పాలిగాన్‌లో బ్రయాన్ డేవిడ్ గిల్బర్ట్ చేసిన ‘అన్‌రావెల్డ్’ వీడియోలకే. ఎడిటర్ల గంభీరమైన ముఖాలతో రాని పేరు, గేమ్ లోకాల్లోని వెర్రి లెక్కలను పట్టుకుని ఒక మనిషి చివరిదాకా వెళ్లిపోయే ఆ హాస్యంతో వచ్చింది. 2025 మే 1న వాక్స్ మీడియా పాలిగాన్‌ను కెనడాకు చెందిన వాల్‌నెట్‌కు అమ్మేసింది. స్క్రీన్ రాంట్, గేమ్ రాంట్ ఉన్న కంపెనీ అది. సిబ్బందిలో చాలామందిని తీసేశారు. అందుకని ఈ పేరుతో ఏ వ్యాసం ఎదురైనా శీర్షిక కింద తేదీ చూడండి. ఆ రోజుకు ముందుదైతేనే ఇక్కడ మార్కులు వేసిన పాలిగాన్ అది.