డిజిటల్ ప్రెస్‌లో పేపర్ క్యాటలాగ్: నల్లగొండ దుకాణంలో దీర్ఘకాల వాడకం తర్వాత సమీక్ష

డిజిటల్ ప్రింటింగ్ యంత్రం కొనేవాళ్లు నిమిషానికి ఎన్ని షీట్లు వస్తాయి, రంగు ఎట్లా పడుతుంది, క్లిక్ ధర (ఒక్కో ముద్రణకు పడే ఖర్చు) ఎంత అని అడుగుతారు గానీ, కాగితాన్ని ఎంచుకునే తెర ఎట్లా ఉంటుందని అడిగినవాళ్లను నేను చూడలేదు. పెండ్లి పత్రికలు, విజిటింగ్ కార్డులు, మిర్యాలగూడ రైసు మిల్లుల లెటర్‌హెడ్లు, మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం విద్యార్థుల ప్రాజెక్టు రిపోర్టులు అన్నీ ఒకే యంత్రం మీద తీసే మాలాంటి నల్లగొండ దుకాణానికి మాత్రం, రోజు మొత్తంలో ఎన్ని షీట్లు వృథా అవుతాయన్నది చాలావరకు ఆ తెర మీదే ఆధారపడి ఉంటుంది. ఏండ్ల తరబడి రోజూ దానితోనే పని చేస్తున్నాను కాబట్టి, అందులో మెచ్చుకోవలసినవీ సరిదిద్దవలసినవీ వివరంగా రాస్తున్నాను.

ప్రెస్‌ను కంప్యూటర్ నుంచి నడిపించే ఫియరీ కమాండ్ వర్క్‌స్టేషన్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఈ తెరను పేపర్ క్యాటలాగ్ అంటారు. కానన్ ప్రిస్మాసింక్‌లో మీడియా క్యాటలాగ్ అనీ, జిరాక్స్ పెద్ద యంత్రాల్లో స్టాక్ లైబ్రరీ మేనేజర్ అనీ ఉంటుంది. పని అన్నిట్లో ఇంచుమించు ఒకటే: ఒక కాగితం సైజు, జీఎస్ఎం (చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల బరువు), పూత ఉందా లేదా, రంగు, పీచు ఏ దిక్కున ఉంది వంటి వివరాలను ఒక పేరు కింద ఒక్కసారి నమోదు చేస్తే, ఆ తర్వాత జాబు (ముద్రించవలసిన పని) పంపేటప్పుడు ఆ పేరు ఎంచుకుంటే చాలు. టోనర్ అనే రంగు పొడి విద్యుత్ ఆవేశంతో కాగితం మీదికి చేరి, ఫ్యూజర్ అనే భాగంలోని వేడికీ ఒత్తిడికీ కరిగి అతుక్కుంటుంది కాబట్టి, బరువు తప్పుగా చెబితే యంత్రం లెక్క మొత్తం తప్పుతుంది. 300 జీఎస్ఎం కార్డును 130 అని చెప్పి పంపితే వేడి చాలక, గోటితో గీకగానే రంగు రాలిపోతుంది. 80 జీఎస్ఎం కాగితాన్ని 250 అని చెబితే అది వంకర తిరిగి ఫ్యూజర్ దగ్గర ఇరుక్కుంటుంది.

నాకు అన్నిటికంటే ఎక్కువ మేలు చేసింది ముందూ వెనుకా ముద్రణను సరిచూసే సదుపాయం. మొదటి వైపు ముద్రణలో ఫ్యూజర్ వేడికి కాగితంలోని తేమ పోయి షీటు కొద్దిగా కుంచించుకుపోతుంది, అందువల్ల రెండో వైపు బొమ్మ పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది. విజిటింగ్ కార్డులో అర మిల్లీమీటరు తేడా వచ్చినా కోత తర్వాత అంచు గీత ఒకవైపు సన్నగా, మరోవైపు లావుగా కనిపిస్తుంది. మూలల్లో గుర్తులున్న చార్టు తీసి, స్కేలుతో కొలిచి, ఆ తేడాను ఆ కాగితం పేరు కిందే భద్రపరిస్తే, ఆరు నెలల తర్వాత అదే కాగితం వేసినా దిద్దుబాటు దానంతట అదే అమలవుతుంది. ఒకప్పుడు ఈ విద్య అనుభవమున్న ఆపరేటర్ తలలో మాత్రమే ఉండేది, ఆయన సెలవు పెడితే ఆ రోజు రెండు వైపుల పని ఆగేది. ఇప్పుడు కొత్తగా చేరిన కుర్రవాడు కూడా పేరు ఎంచుకుని పని నడిపించగలుగుతున్నాడు.

సావనీర్ల వంటి పనుల్లో అట్టకు 300, రంగు పేజీలకు 130, మామూలు పేజీలకు 80 జీఎస్ఎం చొప్పున పేజీల వారీగా కాగితం కేటాయించడం కూడా సులువుగానే ఉంది. ట్రేల బొమ్మ మీదికి కాగితం పేరును లాగి వదిలితే సరిపోతుంది, జాబు అడిగిన కాగితం ఏ ట్రేలోనూ లేకపోతే ముద్రణ మొదలుకాకుండా ఆగుతుంది.

ఇక లోపాల సంగతి. ఈ తెరను తయారుచేసినవాళ్లు, ప్యాకెట్ మీద రాసిన బరువే లోపలి కాగితం బరువు అని నమ్మినట్టున్నారు. మాకు హైదరాబాదు నుంచి వచ్చే సరుకులో ఒకే లేబులున్న రెండు ప్యాకెట్లు ఒకేలా ఉండవు. 13×19 అంగుళాల షీటు వైశాల్యం దాదాపు 0.159 చదరపు మీటర్లు, అంటే 300 జీఎస్ఎం షీట్లు వంద తూచితే సుమారు 4.78 కిలోలు రావాలి. 4.45 కిలోలే తూగితే అది నిజానికి 280కి దగ్గరి కాగితం. అందుకే మేము ప్రతి ప్యాకెట్టునూ తూచి, వచ్చిన బరువుకు సరిపోయే నమోదునే ఎంచుకుంటాం. కానీ ఒకే పేరు కింద లాట్ వారీగా తేడాలు రాసుకునే వీలు లేనందువల్ల ప్రతిదానికీ కొత్త పేరు పెట్టవలసి వస్తుంది, జాబితా చాంతాడంత పెరిగిపోతుంది.  

కాలాన్ని బట్టి వచ్చే మార్పులకు కూడా ఇందులో చోటు లేదు. ఆషాఢం దాటి శ్రావణం రాగానే పెండ్లి పత్రికల రద్దీ మొదలవుతుంది, సరిగ్గా అప్పుడే వానగాలికి కాగితం తేమ పీల్చి అంచులు అలలు తేలుతాయి, చిక్కటి రంగు మచ్చలు మచ్చలుగా పడుతుంది. మా ఎండాకాలపు పొడిగాలిలో ఇందుకు విరుద్ధంగా షీట్లు స్థిరవిద్యుత్తుతో ఒకదానికొకటి అంటుకుని రెండేసి లోపలికి పోతాయి. ట్రేలోకి వీచే గాలి, టోనర్‌ను కాగితం మీదికి చేర్చే బదిలీ వోల్టేజీ ఈ రెండు కాలాలకూ వేర్వేరుగా ఉండాలి కాబట్టి, నేను ముఖ్యమైన కాగితాలన్నిటికీ పేరు చివర "వాన", "ఎండ" అని చేర్చి రెండేసి నమోదులు ఉంచుకున్నాను. ఆ పదాలను ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైపు చేయాలి, ఎందుకంటే తెలుగులో రాస్తే కంప్యూటర్ తెర మీద బాగానే కనిపించినా యంత్రం మీది చిన్న తెర మీద డబ్బాలే వస్తాయి. ట్రే దగ్గర నిలబడి కాగితం నింపే మనిషి చదివేది ఆ చిన్న తెరనే కాబట్టి ఈ లోపం నన్ను నిజంగా బాధిస్తుంది.

ఏ కాగితం ఎన్ని షీట్లు మిగిలి ఉందో కూడా ఈ క్యాటలాగ్ చెప్పదు. ముద్రించిన ప్రతి షీటు లెక్కా యంత్రం దగ్గర ఉన్నప్పుడు, ఆ లెక్కను కాగితం పేరుతో కలిపి చూపించడం అసాధ్యమైన పనేమీ కాదు. ప్రస్తుతానికి నిల్వ లెక్క మా దగ్గర రిజిస్టరులోనే నడుస్తోంది. జాబితాను ఫైలుగా బయటికి తీసి దాచుకునే వీలు మాత్రం ఉంది, సర్వీసు ఇంజనీరు సాఫ్ట్‌వేర్ మళ్లీ వేసే ముందు ఆ పని తప్పనిసరిగా చేయించుకోవాలి.

కొత్త యంత్రం చూడటానికి వెళ్లేవాళ్లు మీరు రోజూ వాడే ఆర్ట్ కార్డు (నున్నటి పూత ఉన్న మందపాటి కాగితం) ప్యాకెట్టు ఒకటి, గరుకు ముఖమున్న పెండ్లి పత్రిక కాగితం ఒకటి వెంట తీసుకుపోండి. డెమో ఇచ్చే మనిషిని కాకుండా మీ ఆపరేటర్‌ను కూర్చోబెట్టి, ఆ రెండింటినీ కొత్తగా నమోదు చేయించి, రెండు వైపులా ముద్రించి, వెలుతురుకు ఎత్తి పట్టి ముందు గీతలూ వెనుక గీతలూ కలుస్తున్నాయో లేదో చూసుకోండి. పాత నమోదును నకలు చేసి ఒక్క విలువ మార్చడానికి ఎన్ని పేజీలు తిరగవలసి వస్తుందో కూడా అక్కడే గమనించండి, ఎందుకంటే మన దగ్గర ఆ పని వారానికోసారైనా తప్పదు.