మాస్కులోకి ఆక్సిజన్: రసాయన జనరేటరా, సిలిండరా?

35,000 అడుగుల ఎత్తులో విమానం క్యాబిన్‌లో గాలి పీడనం పడిపోతే మనిషి తెలివిగా పనిచేయగలిగేది 30 నుంచి 60 సెకన్లే. అప్పుడు పైనుంచి జారే మాస్కులోకి ఆక్సిజన్ రెండు రకాలుగా రావచ్చు: రసాయన చర్యతో అప్పటికప్పుడు ఆక్సిజన్ పుట్టించే జనరేటర్ నుంచి, లేదా ముందే ఆక్సిజన్ నింపి ఉంచిన సిలిండర్ నుంచి.

బరువు, ఖర్చు: జనరేటర్ సీటు పైన ఇమిడే చిన్న డబ్బా. సిలిండర్‌కు పైపులు, వాల్వులు కూడా కావాలి.

శ్రమ: జనరేటర్‌ను గడువు తీరాక మార్చేస్తే చాలు. సిలిండర్‌కు లీకు పరీక్షలు, మళ్లీ నింపడం తప్పవు.

సమయం: జనరేటర్ సాధారణంగా 12–15 నిమిషాలు ఇస్తుంది. మొదలైతే ఆపలేం. సిలిండర్లు ఎన్ని పెడితే అంతసేపు.

ముప్పు: అసలు ఆలోచించాల్సింది ఇక్కడే. జనరేటర్ పనిచేసేటప్పుడు విపరీతంగా వేడెక్కుతుంది. 1996లో వాల్యూజెట్ 592 విమానం సరుకు గదిలో, పొరపాటున మొదలవకుండా ఆపే సేఫ్టీ క్యాపులు లేకుండా ఎక్కించిన పాత జనరేటర్ల వల్ల మంటలు చెలరేగి 110 మంది చనిపోయారు. తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. సిలిండర్‌కూ మచ్చ ఉంది: 2008లో క్వాంటాస్ 30 విమానంలో ఒకటి పేలి విమానానికే రంధ్రం పడింది. అదృష్టవశాత్తూ అందరూ క్షేమంగా మనీలాలో దిగారు.

మాస్కు లేకుండా ఊపిరి పీల్చుకోగల 10,000 అడుగులకు నిమిషాల్లో దిగిపోగల మార్గాలకు జనరేటరే మేలు. టిబెట్ పీఠభూమి లాంటి చోట్ల కింద కొండలుంటాయి, వెంటనే దిగలేరు. అక్కడికి సిలిండరే సరి.