చెన్నైలో పెట్స్ ఉన్నవాళ్లు జాగ్రత్త: స్కాన్ రిపోర్టు చదవకుండా క్లినిక్ నుంచి కదలకండి

వేళచ్చేరి వైపు ఒక ప్రైవేట్ పెట్ క్లినిక్‌లో మా చిట్టికి జరిగింది ఇంకే కుక్కకీ జరగకూడదని రాస్తున్నాను, కాస్త పొడుగైనా చదవండి.

చిట్టికి ఏడేళ్లు, ఆడది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించలేదు, అది మా తప్పే. పోయిన నెల హీట్ (ఎదకు రావడం) అయిపోయిన మూడు వారాలకి తిండి మానేసింది, గిన్నెలకు గిన్నెలు నీళ్లు తాగడం, తాగిందంతా కక్కేయడం. క్లినిక్‌కి తీసుకెళ్తే డాక్టరు పొట్ట మీద చెయ్యి కూడా వేయలేదు, హీట్ ఎప్పుడయింది అని అడగలేదు, ప్యాకేజీ రాసేశారు. బ్లడ్ టెస్టులు, ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ కలిపి 9,400 రూపాయలు, అదీ ముందే కట్టాలి. స్కాన్ గదిలోకి మమ్మల్ని రానివ్వలేదు. ఐదు నిమిషాల్లో చిట్టిని తెచ్చి ఇచ్చేశారు, ప్లేట్‌లెట్లు తక్కువున్నాయి, టిక్ ఫీవర్ (పిడుదులు కుట్టడం వల్ల వచ్చే జ్వరం), డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వేయండి అన్నారు. వేశాం. రెండు రోజులు పోయాయి, చిట్టి లేచి నిలబడలేని స్థితికి వచ్చింది.

ఆ రాత్రి మా అత్తయ్య "హీట్ అయ్యి నెల కూడా కాలేదు కదమ్మా, గర్భసంచి చూశారా?" అని అడిగితే అప్పుడు తీశాను రిపోర్టు. గర్భసంచి గురించి ఒక్క ముక్క లేదు. కానీ "ప్రోస్టేట్ నార్మల్" అని ఉంది. ఆడకుక్కకి ప్రోస్టేట్ ఎక్కడిది? వేరే కుక్క రిపోర్టులో పేరు మార్చి ఇచ్చారో, అసలు స్కానే చేయలేదో నాకు ఇప్పటికీ తెలియదు. బ్లడ్ రిపోర్టులో తెల్లరక్తకణాలు 41,000, పక్కనే 6,000 నుంచి 17,000 వరకు ఉండాలని అచ్చేసి ఉంది. ఒంట్లో పెద్ద ఇన్‌ఫెక్షన్ ఉందని ఆ అంకె చెబుతూనే ఉంది, మాకు ఎవరూ చెప్పలేదు.

తెల్లారగానే వేపేరి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి పరిగెత్తాం. 1903లో మొదలైన ప్రభుత్వ కాలేజీ అది. క్యూ ఉంటుంది, ఓపిక కావాలి, కానీ అక్కడ పొట్ట గొరిగి, జెల్ రాసి, మా ఎదురుగానే స్కాన్ చేసి స్క్రీన్ మీద చూపించారు. గర్భసంచి నిండా చీము. పయోమెట్రా అంటారు, ఆపరేషన్ కాని ఆడకుక్కలకి హీట్ తర్వాత కొన్ని వారాల్లో రావచ్చు. కొన్నిటికి కింద నుంచి చీము కారుతుంది కాబట్టి కనిపెడతాం, చిట్టికి గర్భసంచి మూతి మూసుకుపోయి బయటికి ఏమీ రాలేదు, అదే ఎక్కువ ప్రమాదం, లోపలే పగిలితే ప్రాణం పోతుంది. ఆ రోజే ఆపరేషన్ చేసి గర్భసంచి తీసేశారు. బతికింది.

క్లినిక్‌కి ఫోన్ చేస్తే "టైపింగ్ మిస్టేక్ మేడమ్" అన్నారు. డబ్బు వెనక్కి ఇవ్వలేదు. బిల్లు, రిపోర్టు పట్టుకుని కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాం, చూడాలి.

మీరు మాత్రం స్కాన్ మీ ఎదురుగానే చేయమని అడగండి. బొమ్మలు లేని ఉత్త కాగితం రిపోర్టు తీసుకోకండి, ఎవరు చూశారో ఆ డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఎక్స్‌రే అయితే కొన్నిచోట్ల ఒక్క వైపే తీసి పంపేస్తారు, పక్క నుంచి ఒకటి, వెల్లకిలా పడుకోబెట్టి ఒకటి, రెండూ అడగండి. ప్లేట్‌లెట్లు తక్కువని మెషీన్ చెప్పినా రక్తాన్ని స్లైడ్ మీద వేసి మైక్రోస్కోప్‌లో చూశారా అని అడగాలి, కణాలు ముద్దకట్టినా మెషీన్ తక్కువే చూపిస్తుంది, పిల్లుల్లో అయితే ఇది మరీ ఎక్కువ. ఇక ఆడకుక్క హీట్ అయిన రెండు నెలల లోపు నీళ్లు ఎక్కువ తాగి తిండి మానేస్తే, వాళ్లు అడిగినా అడగకపోయినా ఆ తేదీ మీరే చెప్పి, గర్భసంచి చూడమని గట్టిగా అడగండి.