గొర్రుకు రెండు పెట్టెలున్నాయని కొనేయకండి, కర్రు కింద చూడండి

ట్రాక్టర్‌కు సీడ్ కమ్ ఫెర్టిలైజర్ డ్రిల్, అంటే గింజనూ ఎరువునూ ఒకేసారి వేసే గొర్రు, కొనబోయేవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. మాకు అమ్మినాయన "గింజ వేరు, ఎరువు వేరు, దేని పెట్టె దానిదే, దేని పైపు దానిదే" అన్నాడు. పెట్టెలు రెండున్న మాట నిజమే, పైపులూ రెండే. కానీ ఆ రెండు పైపులూ కిందికొచ్చేసరికి కర్రు (నేలను చీల్చి సాలు తీసే ఇనుప భాగం) వెనకున్న ఒకే గొట్టంలోకి దిగాయి. గింజా ఎరువూ కలిసి ఒకే సాలులో, ఒకే లోతులో పడ్డాయి.

మొక్కజొన్న ఎక్కడికక్కడ ఖాళీలతో మొలిచింది. మొలవని చోట తవ్వి చూస్తే గింజ ఉబ్బి ఉంది, వేరు మొన గోధుమరంగుకు మాడిపోయింది, దాన్ని ఆనుకునే ఎరువు గుళికలు. అడిగితే "మీ విత్తనమే బాగోలేదు, అందరూ ఈ గొర్రే వాడుతున్నారు" అని దులిపేసుకున్నాడు. అదే సంచిలోని గింజల్ని తడిగుడ్డలో మూట కడితే చక్కగా మొలిచాయి. విత్తనంలో ఏ లోపమూ లేదు.

ఇలా ఎందుకవుతుందంటే, ఎరువు కూడా ఒక రకం ఉప్పే. గింజ పక్కన కరిగితే గింజకు దక్కాల్సిన తేమను అది లాక్కుంటుంది. సోడియం నైట్రేట్‌ను 100 అనుకుని ఎరువుల ఉప్పు తీవ్రతను పోల్చే సూచిక ఒకటుంది. అందులో మ్యూరేట్ ఆఫ్ పొటాష్ (మామూలుగా పొటాష్ అనేది ఇదే) 116 దాకా, యూరియా 75 దాకా ఉంటాయి. సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 8 మాత్రమే. యూరియాతో ఇంకో ప్రమాదం ఉంది: నేలలో అది అమ్మోనియాగా మారుతుంది, ఆ వాయువు లేత వేరును చంపేస్తుంది. డీఏపీ (డై అమ్మోనియం ఫాస్ఫేట్) నుంచి కూడా కొంత అమ్మోనియా వస్తుంది. తేలిక నేలల్లో, నేలలో తడి తక్కువున్నప్పుడు నష్టం మరీ ఎక్కువ. చాలామంది పట్టించుకోని సంగతి ఇంకొకటుంది. ఎకరానికి అదే మోతాదు ఎరువు వేసినా, సాళ్ల మధ్య దూరం రెట్టింపైతే ఒక్కో సాలులో పడే ఎరువు కూడా రెట్టింపవుతుంది. దగ్గర సాళ్ల పంటకు సరిపోయిన గొర్రు మొక్కజొన్న దగ్గర దెబ్బతీయడానికి అదో కారణం.

మొక్కజొన్నకైతే ఎరువు గింజకు 5 సెంటీమీటర్లు పక్కగా, మరో 5 సెంటీమీటర్లు లోతుగా పడటం మంచిది. అందుకు ఎరువుకు వేరే కర్రు ఉండాలి, లేదంటే ఒకే కర్రుకు రెండు నోళ్లు, ఒకటి కిందా ఒకటి పైన పక్కగా, ఉండాలి. షోరూమ్‌లో గొర్రును పైకెత్తించి వెనక నుంచి వంగి చూడండి. అదీ చాలదు. పొలంలో కొద్ది దూరం నడిపించి, సాలుకు అడ్డంగా చాకుతో మట్టి కోసి, గింజ ఎక్కడుందో గుళిక ఎక్కడుందో కళ్లతో చూసి స్కేలుతో కొలవండి. దీనికి ఒప్పుకోని అమ్మకందారు దగ్గర కొనొద్దు.

డిస్క్ ఓపెనర్లు, అంటే కర్రు బదులు తిరుగుతూ సాలు తీసే పళ్లేలు, ఖరీదైనవి కాబట్టి అవే మంచివనే మాట కూడా నమ్మొద్దు. డిస్కు లోతు సమానంగా ఇస్తుంది, నిజమే. కానీ గట్టి నేలలో దిగాలంటే గొర్రుకు బరువు కావాలి. తడి బంకమట్టిలో సాలు గోడల్ని నున్నగా అలికేస్తుంది, సాలు సరిగా మూసుకోదు, వేరు పక్కకు పోలేదు. తడిసిన గడ్డిని కోయలేక సాలులోకే నొక్కేస్తుంది, గింజకు మట్టి తగలదు. దున్నకుండా పాత పంట మోళ్లలో విత్తేవాళ్లకు తిరగేసిన టీ ఆకారపు కర్రు నయం. సన్నని చీలిక చేస్తుంది, తేమ పోదు. అయితే విడి గడ్డి ఎక్కువుంటే ఏ కర్రైనా దాన్ని ఈడ్చి కుప్పేస్తుంది. బాగా దున్నిన నేలకు మామూలు కర్రు చాలు.

కర్రు మొన బోల్టుతో బిగించిందా, వెల్డింగ్ చేసిందా కూడా చూడండి. మాది వెల్డింగ్. మొన అరిగితే కర్రున్న మొత్తం కాలు విప్పాల్సిందే. పైగా ఎరువు మొన అరిగేకొద్దీ ఎరువు పైకొచ్చి గింజకు దగ్గరవుతుంది. మొన మీద ఆకురాయి పెట్టి గీయండి. గట్టి ఉక్కైతే జారుతుంది, మెత్తని ఇనుమైతే రజను రాలుతుంది.

ఇప్పటికే ఒకే గొట్టం గొర్రు ఉన్నవాళ్లు టెన్షన్ పడొద్దు, అమ్మేయాల్సిన పనీ లేదు. ఎరువు పెట్టెలో యూరియా, పొటాష్ పోయకండి. సూపర్ ఫాస్ఫేట్ మాత్రం గింజతో పంపండి. పొటాష్‌ను విత్తడానికి ముందే నేలలో కలపండి, యూరియాను మొలిచాక సాలుకు దూరంగా వేయండి. డీఏపీ తప్పదనుకుంటే, పొలమంతా విత్తే ముందు రెండు మూడు సాళ్లలో వేసి మొలక చూసుకోండి.