జేబు లైటు ఏది మేలు: పెట్టె చూసి కొనాలా, సెల్లు చూసి కొనాలా?

మామిడి కోతలు మొదలైన దగ్గర్నుంచి తోటల్లో కాపలా పడుకునేవాళ్లు, మెట్ల దారిన కొండెక్కేవాళ్లు ఒకటే అడుగుతున్నారు: “అన్నా, జేబులో పట్టే బ్యాటరీ లైటు ఏది తీసుకోమంటావు?” నా పాత లైటు కూడా చెడిపోవడంతో పోయిన వారం రెండు తెప్పించాను. తిరుపతిలో మిద్దె మీద ఒక రాత్రి, దామలచెరువు దగ్గర మా తోటలో మూడు రాత్రులు వాడి చూశాను. ఇవన్నీ మొదటి వారం మాటలే.

ముందు ఒక మాట. అలిపిరి దారికైతే లైటు గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు, దారి పొడవునా దీపాలున్నాయి. చిరుత భయంతో 2023లో దేవస్థానం భక్తులకు చేతికర్రలు ఇచ్చింది గుర్తుందిగా, అక్కడ గుంపుతో నడవడమే మేలు. ఇక పలమనేరు వైపు ఏనుగుల కోసమని అడిగేవాళ్లకు: జేబు లైటు పట్టుకుని ఏనుగు మీదికి పోవద్దు, అటవీశాఖ వాళ్లకు ఫోన్ చేయండి.

మొదటి లైటు పెట్టె చూస్తే పెళ్లి నగ పెట్టినట్టుంది. అయస్కాంతంతో టప్పున మూసుకునే మూత, లోపల నల్ల స్పాంజిలో లైటు, పక్కన తాడు, క్లిప్పు, వైరు. కాగితం ఏడెనిమిది భాషల్లో ఉంది, అందులో మన భాష లేదు. పెట్టె ముందు 1000 ల్యూమెన్లు (లైటు ఇచ్చే మొత్తం వెలుగు కొలత), 120 మీటర్లు అని పెద్ద అక్షరాలు. రెండోది మామూలు అట్టపెట్టెలో, బుడగల కవర్లో చుట్టి వచ్చింది. 500 ల్యూమెన్లు అని ఒక మూల చిన్నగా అచ్చు. ధరలో తేడా దాదాపు సగానికి సగం.

పెట్టె మీద అంకెల గురించి తెలుసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. టార్చిలైట్లకు ఎఫ్ఎల్1 అని ఒక అమెరికా ప్రమాణం ఉంది, 2009లో వచ్చింది. దాని లెక్కలో 120 మీటర్లంటే అంత దూరాన పాము కనబడుతుందని కాదు. అక్కడికి చేరేసరికి వెలుగు 0.25 లక్స్‌కు తగ్గుతుంది, అంటే ఇంచుమించు పున్నమి వెన్నెలంత. “ఇన్ని గంటలు వెలుగుతుంది” అన్నది కూడా వెలుగు పదో వంతుకు పడిపోయేదాకా లెక్కే. 1000 ల్యూమెన్లున్నది నా చేతిలో కొద్ది నిమిషాలకే వేడెక్కి తనంతట తానే తగ్గింది. అది లోపం కాదు, ఇంత చిన్న లైట్లన్నీ చేసే పనే. తోటలో గట్టు మీద నడిచేటప్పుడు కావలసింది కాళ్ల ముందు పది అడుగులు, పక్కన గడ్డి. కట్లపాము ఉండేది అక్కడే. ఆ వెడల్పు వెలుగులో రెండింటికీ నాకు పెద్ద తేడా కనబడలేదు.

వెలుగు ఒక్కటే చూస్తే మొదటిదే గెలుస్తుంది, అది ఒప్పుకోవాలి. తెలుపు కూడా హాయిగా ఉంది, రెండోదాని వెలుగు కొంచెం నీలం కొడుతుంది.

అయితే మా నాయన మొదటిదాన్ని చేతిలోకి తీసుకుని తల తిప్పాడు, తోక తిప్పాడు. రాలేదు. “ఇది విప్పేదెట్లరా?” అన్నాడు. విప్పేది కాదు నాయనా, సెల్లు లోపలే బిగించేశారు అన్నాను. ఛార్జింగు కూడా దాంతో వచ్చిన అయస్కాంతం వైరుతోనే. ఆ వైరు ఏ ఎలుకో కొరికితే మళ్లీ ఆన్‌లైన్లో తెప్పించుకోవాల్సిందే. లిథియం సెల్లు ఎంత మంచిదైనా కొన్నేళ్లకు నీరసిస్తుంది. ఆ రోజున లైటుకు లైటే పారేయాలి.

నా మట్టుకు తేల్చేది ఇదే. రెండోదాని తోక విప్పితే 14500 అనే లిథియం సెల్లు బయటికొస్తుంది: 14 మిల్లీమీటర్ల లావు, 50 పొడవు, అచ్చం గోడ గడియారంలో వేసే పెన్సిల్ సెల్లంత (ఏఏ సైజు). ఈ లైటులో మామూలు పెన్సిల్ సెల్లు కూడా పనిచేస్తుంది. వెలుగు బాగా తగ్గుతుంది, నడవడానికి చాలు. రెండో రాత్రి గాలివానకు కరెంటు పోయి లిథియం సెల్లు కూడా అయిపోతే, గోడ గడియారంలోది పీకి వేసుకుని మోటారు దాకా వెళ్లొచ్చాను. పెన్సిల్ సెల్లు దొరకని అంగడి పాకాల నుంచి చిత్తూరు దాకా నేను చూడలేదు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఆ లిథియం సెల్లును గడియారంలోనో రిమోట్‌లోనో వేయకండి, అవి 1.5 వోల్టులవి, ఇది 3.7. మామూలు పెన్సిల్ సెల్లు లైటులో ఉండగా ఛార్జింగు వైరు గుచ్చకండి.

18650 అనే ఇంకా పెద్ద లిథియం సెల్లు వేసే లైట్లనూ అడుగుతున్నారు. అందులో 14500కు మూడింతల సరుకు ఉంటుంది, సెల్లూ మార్చుకోవచ్చు. కానీ సెల్లు ఒక్కటే 45 గ్రాములు దాటుతుంది. పంచె కట్టుకున్నవాడికి ఉండేది చొక్కా జేబొక్కటే, వంగితే అది కాస్తా కాలవలో పడుతుంది. గోడకు గుచ్చి ఛార్జ్ చేసే ప్లాస్టిక్ లైటు ఇంట్లోకి సరే. ఫోన్ లైటు ఫోనుకే ఉండనివ్వండి.

మీరూ తెప్పించుకుంటే, పెట్టె వెనక వైపు చూడండి. దిగుమతి చేసినవాళ్ల పేరు, చిరునామా, ఏ దేశానిది, నెల, సంవత్సరం, ఎంఆర్‌పీ ఉండాలి. అవి లేని పెట్టె ఎంత మెరిసినా నేను తీసుకోను. రాగానే వెలగలేదని తిరిగి పంపేయకండి, నేనూ మొదట కంగారుపడ్డాను. రెండోదానిలాగా విప్పే లైట్లకు తోక మూత లోపల రూపాయి బిళ్లలో సగమంత పల్చటి ప్లాస్టిక్ ముక్క ఉంటుంది, దారిలో లైటు తనంతట వెలగకుండా పెడతారు. అది తీసేస్తే వెలిగింది.

నగ పెట్టెలాంటి ఆ పెట్టె మా ఆవిడ తీసుకుంది, అందులోని లైటు తిరుపతి ఇంట్లో కరెంటు మీటరు పక్కన వేలాడుతోంది. తోటకు వెళ్లేది రెండోదే. కోతలైపోయాక దాంట్లో పెన్సిల్ సెల్లు వదిలేయకూడదు, నా పాతది పోయింది అందుకే: సెల్లు కారి, తోకలో స్ప్రింగు తెల్లటి పొడి పట్టి తుప్పుగా రాలింది.