పెళ్లి వీడియోల పనిలో మూడేళ్లు: రైజెన్ 5 5600, కోర్ ఐ5-12400

గుంటూరులో పెళ్లి ఆల్బమ్‌లు, వీడియోలు తయారుచేసే మా చిన్న స్టూడియోలో మూడేళ్లకు పైగా రెండు సిస్టమ్‌లు పక్కపక్కనే నడుస్తున్నాయి. ఒకదానిలో ఏఎండీ రైజెన్ 5 5600 ప్రాసెసర్, రెండోదానిలో ఇంటెల్ కోర్ ఐ5-12400 ప్రాసెసర్ ఉన్నాయి. ఇంటెల్‌ది 2022 జనవరిలోనూ, ఏఎండీది అదే ఏడాది ఏప్రిల్‌లోనూ విడుదలయ్యాయి. రెండింటికీ 6 కోర్లు, 12 థ్రెడ్లు; గరిష్ఠ వేగం కూడా 4.4 గిగాహెర్ట్జ్ దగ్గరే ఆగుతుంది. మేము రెండింటికీ 32 జీబీ డీడీఆర్4 మెమరీ, ఒకే మోడల్ ఎన్విడియా జీటీఎక్స్ 1660 సూపర్ గ్రాఫిక్స్ కార్డు వేయించాము కనుక, పనిలో తేడా కనిపిస్తే అది చాలావరకు ప్రాసెసర్ వల్ల వచ్చిందే అనుకోవచ్చు.

ఫొటోషాప్‌లో ఆల్బమ్ షీట్లు కూర్చే పనిలో ఈ మూడేళ్లలో నాకు చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. రైజెన్‌కు 32 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్‌లోనే ఉండే వేగవంతమైన చిన్న మెమరీ) ఉంటే ఐ5కు 18 ఎంబీయే ఉంది. ఆ ఎక్కువ క్యాష్ ఆటల్లో ఉపయోగపడుతుందని చదివి మా అబ్బాయి సెలవుల్లో పట్టుబట్టి రైజెన్ ముందే కూర్చునేవాడు. కానీ మా కార్డు స్థాయికి ముందు అలసిపోయేది కార్డే, ప్రాసెసర్ కాదు. ఫైనల్ వీడియో ఎక్స్‌పోర్ట్‌లో కూడా ఎన్‌కోడింగ్ (వీడియోను కుదించే) భారాన్ని కార్డే మోస్తుంది కాబట్టి రెండూ ఇంచుమించు ఒకే సమయానికి ముగించేవి.

అసలు తేడా ఎడిటింగ్‌లో బయటపడింది. 2023లో కెమెరా మార్చి, 4కేలో 10 బిట్ 4:2:2 హెచ్‌ఈవీసీ (రంగుల వివరాన్ని ఎక్కువగా ఉంచుతూ వీడియోను కుదించే) ఫార్మాట్‌లో తీయడం మొదలుపెట్టాము. రంగులు దిద్దుకోవడానికి ఆ ఫుటేజీ ఎంతో అనుకూలం. అయితే జీలకర్ర-బెల్లం పెట్టే క్షణాన్ని రెండు కెమెరాల కోణాల్లో సరిచూసుకోవడానికి ప్రీమియర్ ప్రో అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో టైమ్‌లైన్‌ను ముందుకీ వెనక్కీ లాగుతుంటే, రైజెన్ సిస్టమ్‌లో చిత్రం ఆగి ఆగి కదిలేది. మంగళవాద్యాల శబ్దం ముందుకు పోతుంటే వధువు చెయ్యి గాలిలోనే నిలిచిపోయేది. అదే ఫైలు ఐ5 మీద ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. కారణం ఐ5 కోర్ల వేగం కాదు. దానిలోని యూహెచ్‌డీ 730 గ్రాఫిక్స్‌తో పాటు వచ్చే క్విక్ సింక్ అనే విభాగం ఈ 4:2:2 హెచ్‌ఈవీసీని నేరుగా డీకోడ్ చేయగలదు, అంటే కుదించిన వీడియోను విప్పగలదు. రైజెన్ 5600లో అంతర్గత గ్రాఫిక్స్ లేనే లేదు. పక్కనున్న ఎన్విడియా కార్డు సాయపడుతుందనుకుంటే, ఆ కంపెనీ కార్డుల్లో ఈ ఫార్మాట్ డీకోడింగ్ 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 శ్రేణితో గాని రాలేదు. అందువల్ల భారమంతా కోర్ల మీదే పడేది. రాత్రంతా ప్రాక్సీలు (ఎడిటింగ్‌కు తేలికైన నకలు ఫైళ్లు) చేయించి పొద్దున ఎడిటింగ్‌కు కూర్చోవడం మాకు ఒక సీజనంతా అలవాటైపోయింది.

ఇక్కడ కొనేవారు ఒక అక్షరాన్ని గమనించాలి. ఐ5-12400ఎఫ్ అనే రకం కొంచెం తక్కువ ధరకు దొరుకుతుంది. దానిలో అంతర్గత గ్రాఫిక్స్ పనిచేయదు, కాబట్టి క్విక్ సింక్ కూడా ఉండదు. మాకు అమ్మిన దుకాణంలో "కార్డు ఎలాగూ ఉంది కదండీ" అని దాన్నే చేతిలో పెట్టబోయారు. ఆ రోజు నేను వద్దన్నది వీడియో సంగతి తెలిసి కాదు, కార్డు పాడైతే తెర వెలగాలన్న భయంతో. మాఘమాసపు ముహూర్తాల మధ్యలో ఒకసారి నిజంగానే కార్డు మొరాయించినప్పుడు, హెచ్‌డీఎంఐ తీగ తీసి మదర్‌బోర్డుకు గుచ్చి ఆ పెళ్లి పని పూర్తిచేశాము.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు; ఏసీ లేని మా గదిలో కూలర్ల సంగతి అప్పుడే తేలింది. రెండింటికీ పెట్టెలో వచ్చిన కూలర్లే వాడాము. రైజెన్‌కు గరిష్ఠ ఉష్ణోగ్రత పరిమితి 90 డిగ్రీలు. మే నెలలో పూర్తి భారం మీద అది 80 దాటి ఆ హద్దు దగ్గరకు వెళ్లేది. ఐ5 హద్దు 100 డిగ్రీలు, కానీ అది 117 వాట్ల దాకా లాగగలదు. వేసవిలో దానిని బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగ్‌లలో) 65 వాట్లకు కట్టేశాను. మా పనిలో ఆ తగ్గుదల పట్టించుకోదగ్గది కాదు. దాని కూలర్‌ను నాలుగు ప్లాస్టిక్ పిన్నులతో నొక్కి బిగించాలి. బల్ల జరిపినప్పుడు ఒక పిన్ను లేచిపోతే సిస్టమ్ 100 డిగ్రీలు తాకి నత్తనడక నడవడం చూశాక గాని ఆ సంగతి మాకు తట్టలేదు.

రైజెన్‌తో జరిగిన ప్రమాదం ఇంకా పెద్దది. రెండో వేసవిలో ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య రాసే థర్మల్ పేస్ట్ మార్చడానికి మా కుర్రాడు స్క్రూలు విప్పి కూలర్‌ను నిట్టనిలువునా లాగాడు. ఎండిపోయిన పేస్ట్‌కు అతుక్కుని, సాకెట్ గడియ వేసి ఉండగానే ప్రాసెసర్ ఊడి వచ్చేసింది. ఈ రైజెన్ లాంటి ఏఎం4 సాకెట్ ప్రాసెసర్లకు 1331 పిన్నులూ అడుగునే ఉంటాయి. వాటిలో మూల నున్న మూడు వంగిపోయాయి. ఖాళీ మెకానికల్ పెన్సిల్ మొనను ఒక్కొక్క పిన్నుకు తొడిగి, ఊపిరి బిగబట్టి నిలబెట్టాను. ఇప్పుడు కూలర్ తీసే ముందు సిస్టమ్‌ను పది నిమిషాలు నడిపి, ఆపేసి, పేస్ట్ వెచ్చగా ఉండగానే కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పి తీస్తున్నాము. ఇంటెల్‌లో పిన్నులు సాకెట్‌లోనే ఉంటాయి, ప్రాసెసర్‌ను పైనుంచి లోహపు చట్రం పట్టి ఉంచుతుంది. కనుక ఆ గొడవ లేదు.

ప్రస్తుతం వీడియో కటింగ్ అంతా ఐ5 మీద, ఆల్బమ్‌లు రైజెన్ మీద చేస్తున్నాము. 4:2:2 ఫుటేజీ జోలికి పోని వారికి, మంచి కార్డు ఉన్నవారికి రైజెన్ 5600 ఇప్పటికీ ఏ లోటూ చేయదు. మాలాంటి పనివారు మాత్రం సెకండ్‌హ్యాండ్‌లో కొన్నా సరే, పెట్టె మీద ఎఫ్ లేని 12400నే అడిగి తీసుకోవాలి.